ఫ్యాక్టరీ ఏసీ క్యాబిన్ లారీ: నడిపే డ్రైవర్ మాట

ముందే చెప్పేస్తున్నా. బండికి నాలుగు స్టార్లు, అదే బండి మీద ఉద్యోగానికి రెండు. విడివిడిగా రెండు రివ్యూలు రాద్దామంటే కుదరడం లేదు. లారీలో ఏసీ ఎంతసేపు తిరుగుతుందన్నది బండి చూస్తే తెలీదు, జీతం స్లిప్పు చూడాలి. అందుకే రెండూ కలిపి రాస్తున్నా.

యూట్యూబ్‌లో కొత్త లారీల రివ్యూలు బోలెడున్నాయి. పికప్ ఎంత, టైర్లు ఏ కంపెనీవి, ఈఎంఐ ఎంత పడుతుంది, అన్నీ చెబుతారు. అవన్నీ కొనేవాళ్ల కోసం. రాత్రనక పగలనక ఆ సీట్లో కూర్చునేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటి దొరికితే గొప్ప. షోరూం ముందు నిలబెట్టిన ఖాళీ బండి ఎక్కి ఐదు నిమిషాలు కూర్చుని "అచ్చం కారులో ఉన్నట్టే ఉంది ఫ్రెండ్స్" అంటే సరిపోతుందా?

నేను నడిపేది 32 అడుగుల కంటైనర్, మల్టీ యాక్సిల్, బీఎస్6 (కొత్త పొగ రూల్స్ ప్రకారం చేసిన) ఇంజను, స్లీపర్ క్యాబిన్. ఏసీ ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చింది. బండి ఏ కంపెనీదో, నేను ఏ కంపెనీలో చేస్తున్నానో రాయను. నా ఉద్యోగం నాకు కావాలి. యార్డు విజయవాడ ఆటోనగర్‌కి దగ్గర్లోనే, లైను చెన్నై. వెళ్లేటప్పుడు ఏ లోడు దొరికితే అది, వచ్చేటప్పుడు ఎక్కువగా తడ దగ్గర శ్రీసిటీలో ఎత్తుతాం. ఇంతకుముందు ఒక షావుకారు దగ్గర పది టైర్ల లారీ మీద జగ్గయ్యపేట, మాచర్ల వైపు సిమెంటు తోలాను. నా పోలికంతా ఆ పాత బండితోనే.

ఈ ఏసీ మన మీద జాలితో లారీ కంపెనీలు పెట్టింది కాదు. డ్రైవర్లు 43, 47 డిగ్రీల ఎండలో మాడుతున్నారని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2023లో గట్టిగా పట్టుబట్టారు. అదే ఏడాది డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 బండ్లన్నిటికీ, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన ప్రతి సరుకు బండికీ, క్యాబిన్‌లో ఏసీ ఉండి తీరాలి. ఆ తేదీకి ముందు తయారైనవాటికి ఈ రూలు వర్తించదు. అందుకే ఆటోనగర్ రోడ్ల మీద ఇవాళ నిలబడి చూసినా ఎక్కువ బండ్లు అద్దాలు దించుకునే పోతుంటాయి. ఇంకో పదేళ్లు అలాగే పోతాయి.

ఇక బండి సంగతి. నా పాత లారీ క్యాబిన్ ఆటోనగర్‌లో కట్టించిందే. చెక్క పని చూడముచ్చటగా ఉండేది. అద్దం మీద దేవుడి పటాలు, చుట్టూ కుచ్చులు, వెనక మెత్తటి పరుపు. అందం అంతా ఇంతా కాదు, వేడీ అంతే. ఇంజను వేడి కాళ్ల కింద నుంచి, ఎండ నెత్తి మీద నుంచి. మే నెలలో రెంటచింతల మీదుగా మధ్యాహ్నం పోవడం ఎలా ఉంటుందో ఆ రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తువ్వాలు తడిపి మెడకు చుట్టుకుంటే నాలుగు కిలోమీటర్లకే పెళపెళలాడేది. అద్దం దించితే వడగాలి, ఎత్తితే ఉక్క. సాయంత్రం చొక్కా విప్పితే వీపు మీద ఉప్పు చారలు గీతలు గీతలుగా ఉండేవి, మా ఆవిడ విడిగా నానబెట్టేది. దారిలో దిగాల్సి వస్తుందని నీళ్లు తక్కువ తాగేవాళ్లం. కిడ్నీలో రాళ్లు లేని సిమెంటు లారీ డ్రైవరు నాకు తెలిసినవాళ్లలో తక్కువే.

కొత్త క్యాబిన్‌లో ఆ చారలు పోయాయి. ఇది చిన్న విషయం కాదు. కాజా టోల్‌గేటు దాటాక ఏసీ వేసి, ఒంగోలు దాటి టంగుటూరు వచ్చేదాకా అద్దం దించకుండా పోయిన మొదటి మధ్యాహ్నం, దిగాక ఒళ్లు నొప్పులు లేవు, కళ్ల మంట లేదు. వేడికీ ఒంటి నొప్పులకీ సంబంధం ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు. చిరాకు కూడా తగ్గింది. ఎవడైనా బైకువాడు అడ్డం దూరితే పాత బండిలో నోటికొచ్చినట్టు తిట్టేవాడిని, ఇప్పుడు హారన్ కొట్టి ఊరుకుంటున్నా. అద్దం ఎత్తి ఉంది కాబట్టి తిట్టినా వాడికి వినపడదు, అదొక కారణం.

ఎండ కంటే వానలోనే ఇది ఎక్కువ ఉపయోగపడుతుందని చెబితే కొందరు నమ్మరు. నవంబరులో నెల్లూరు వైపు ముసురు పట్టినప్పుడు లోపలి అద్దానికి ఆవిరి కమ్మేస్తుంది. పాత బండిలో ఒక చేత్తో స్టీరింగ్, ఇంకో చేత్తో గుడ్డ. క్లీనరు ఉన్నన్నాళ్లు వాడు తుడిచేవాడు, క్లీనర్లు పోయాక ఆ పనీ మనదే. ఇందులో ఏసీ వేసి గాలి అద్దం వైపు తిప్పితే రెండు నిమిషాల్లో అద్దం తేటపడుతుంది. రాత్రి వానలో ఎదురు లైట్లు కొడుతుంటే ఆ తేడా ప్రాణానికి సంబంధించినది. నాలుగు స్టార్లలో ఒకటి ఒక్క ఈ పనికే.

బాగోలేనివీ ఉన్నాయి. గాలి వచ్చే జల్లెడలన్నీ డ్రైవరు మొహానికి, మోకాళ్లకి గురిపెట్టి ఉన్నాయి. వెనక బెర్తు మీదకు సరిగ్గా చేరదు. ఇద్దరు డ్రైవర్లుంటే పడుకున్నవాడికి చల్లదనం అందేసరికి నడిపేవాడికి చలి పుడుతుంది. దుమ్ము ఫిల్టరు డాష్‌బోర్డు లోపల ఎడమవైపు మూలన పెట్టారు, దాన్ని తీయాలంటే చెయ్యి భుజం దాకా దూర్చాలి. మన రోడ్ల దుమ్ముకి అది సర్వీసు గడువు దాకా ఆగదు. కొత్తది వేయమంటే సర్వీసుకు టైము రాలేదంటారు. నేనైతే పంక్చరు షాపులో గాలి కొట్టించి మళ్లీ పెట్టేస్తా, చల్లదనం వెంటనే పెరుగుతుంది. సిమెంటు, బూడిద లోడ్లకు ఇలాంటి బండి ఇస్తే మాత్రం ఆ ఫిల్టరు వారానికోసారి చూసుకోవాల్సిందే.

శబ్దం ఇంకొకటి. అద్దాలు ఎత్తేశాక బయట లోకం సగం వినపడదు. పాత డ్రైవర్లం చెవులతో నడిపేవాళ్లం. ఎక్కడో గాలి లీకవుతుంటే, జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే, బేరింగు ఏడుస్తుంటే ముందు చెవికి తెలిసేది. ఇప్పుడు తెలియదు. అందుకే టీకి ఆగినప్పుడల్లా రాడ్డు తీసుకుని టైర్లన్నీ కొట్టి చూస్తున్నా. మా యార్డులో కొత్త కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

నిద్ర సంగతీ చెప్పాలి. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య చల్లటి క్యాబిన్, సాఫీ రోడ్డు, బరువు కళ్లు. ఇవి మూడూ కలిస్తే ప్రమాదం. ఆ టైములో నేను ఏసీ తీసేసి అద్దం దించుతా. బండిలో కెమెరా ఒకటి డ్రైవరు మొహం వైపే పెట్టారు, ఆవలిస్తే బీప్ కొడుతుంది, ఆఫీసుకి మెసేజ్ పోతుంది. పొద్దున ఫోన్ చేసి "రాత్రి నిద్రపోయావా?" అని అడుగుతారు. నిన్న పగలు నిద్రపోయావా అని మాత్రం అడగరు.

ఇక్కడ అసలు విషయంలోకి వస్తా.

ఈ ఏసీ ఇంజను మీద తిరుగుతుంది. ఇంజను ఆపితే ఏసీ ఆగిపోతుంది. ఇంజను ఆపినా బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీలు వేరే ఉన్నాయి, మా బండ్లలో లేవు. రోడ్డు మీద పోతున్నప్పుడు ఏసీ తాగే డీజిల్ పెద్దగా లెక్కలోకి రాదు. నిలబెట్టి వేస్తేనే కథ. ఖాళీగా తిరిగే ఇంజను ఏసీతో కలిపి నా బండిలో గంటకు సుమారు రెండు లీటర్లు లాగుతుంది.

మా కంపెనీలో మైలేజీ టార్గెట్ లీటరుకు 4.2 కిలోమీటర్లు. అంతకంటే తక్కువ వస్తే తేడా డీజిల్ డబ్బులు మన జీతంలో కోత. ఎక్కువ వస్తే మిగిలినదాంట్లో సగం మనకిస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది కదా? లెక్క వేసి చూడండి. చెన్నై పోను రాను 900 కిలోమీటర్లు అనుకుందాం. 4.2 చొప్పున 214 లీటర్లు. అక్కడ అన్‌లోడింగ్‌కి, శ్రీసిటీలో లోడింగ్‌కి కలిపి పది గంటలు ఆగామనుకోండి. పది గంటలంటే మంచి రోజు కిందే లెక్క. ఆ పది గంటలూ ఏసీ వేసుకుంటే ఇంకో 20 లీటర్లు. మైలేజీ 3.84కి పడిపోతుంది. లీటరు 95 రూపాయల చొప్పున 1,900 కోత. ఆ ట్రిప్పుకి నాకొచ్చే బత్తా కిలోమీటరుకు రెండున్నర చొప్పున 2,250. అంటే చల్లగా కూర్చున్నందుకు నాకు మిగిలేది 350 రూపాయలు, ఇంకా భోజనం చేయలేదు.

అందుకని ఏం జరుగుతుంది? ఏసీ అవసరం తక్కువగా ఉండే రాత్రి రన్నింగ్‌లో వేసుకుంటాం. చచ్చేంత అవసరమైన మధ్యాహ్నం, ఫ్యాక్టరీ గేటు ముందు లైన్లో, తీసేస్తాం. ఎంత ఆగామో, ఇంజను ఎంతసేపు ఖాళీగా తిరిగిందో జీపీఎస్ లెక్క ఆఫీసు కంప్యూటర్లో నిమిషాలతో సహా కనిపిస్తుంది. బీఎస్6 బండిని గంటల కొద్దీ ఖాళీగా తిప్పితే సైలెన్సరు దగ్గర ఫిల్టరు మసితో పట్టేస్తుందని మెకానిక్కులూ తిడతారు. వాళ్ల మాటలోనూ నిజముంది.

కొన్ని గేట్ల లోపల అసలు ఛాయిస్ లేదు. బండి డాక్‌కి (సరుకు ఎక్కించి దించే అరుగుకి) పెట్టగానే తాళం సెక్యూరిటీ చేతిలో పెట్టాలి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టాలి. హమాలీలు లోపల ఉండగా బండి కదలకూడదని, అది మంచి రూలే. మరి డ్రైవరు ఎక్కడ కూర్చోవాలి? కొన్నిచోట్ల డ్రైవర్ల గది ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, మంచినీళ్లు, బాత్రూం ఉంటాయి. అలాంటి చోట లోడు పడితే మాలో మేము అదృష్టం అనుకుంటాం. చాలాచోట్ల ఏమీ ఉండదు. కంటైనర్ కింద, వెనక టైర్ల మధ్య నీడలో చాప పరుచుకుని పడుకుంటాం. ఈ వేసవిలో ఒకరోజు శ్రీసిటీలో నా బండిలోకి ఎక్కుతున్న లోడు ఏసీలే, ఇళ్లలో గోడకు బిగించేవి. పైన వందల ఏసీలు, ముందు క్యాబిన్‌లో ఒక ఏసీ, కింద చాప మీద నేను, చేతిలో అట్టముక్క. నా పక్క బండి డ్రైవరు తమిళాయన అది చూసి ఒకటే నవ్వు.

ఈ ఆగడం ఎవరి ఖాతాలోదీ కాదు, అదే తంటా. మా యూనియన్‌లో చదువుకున్న ఒక పెద్దాయన ఉన్నారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం తెచ్చి ఒకసారి చదివి వినిపించారు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, ఐదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి. భలే ఉందే అనుకున్నాం. ఆ పైన ఇంకో లైను చదివారు. టెర్మినల్ దగ్గర ఊరికే హాజరుగా ఉండే సమయం 15 నిమిషాల లోపైతేనే పని గంటల్లో కలుస్తుందట. అంటే పది నిమిషాలు ఆగితే పని, పది గంటలు ఆగితే పని కాదు. ఆ చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది, 8 గంటల మాట వాటిలోనూ ఉంది. మా ఆఫీసులో ఈ ప్రస్తావన తెస్తే "హైవే మీద 8 గంటలేంటన్నా" అని టీ తెప్పిస్తారు.

సరుకుకున్న మర్యాద చూడండి. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. విజయవాడ నుంచి చెన్నై 450 కిలోమీటర్లు, కాబట్టి పెట్టెలకు మూడు రోజుల టైము. నాకు మాత్రం సాయంత్రం యార్డులో గేటు దాటితే తెల్లారేసరికి చెన్నై మాధవరంలో ఉండాలి. పగలు హెవీ బండ్లను సిటీలోకి వదలరు, ఆలస్యమైతే రాత్రి దాకా అక్కడే. సకాలంలో చేరినా గోడౌన్ తెరిచేది పదింటికి. పరుగెత్తుకు పోయి కూర్చోవడం అన్నమాట. 24 గంటలు దాటి ఆపితే సరుకు పార్టీ మా కంపెనీకి హాల్టింగ్ చార్జీ కడుతుంది. అందులో మాకు రోజుకు 200. టిఫినుకీ భోజనానికీ సరిపోదు.

జీతం స్లిప్పు కూడా విప్పి చెబుతా, లేకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. జీతం 18,000. పీఎఫ్ 1,800 పోతుంది, ఈఎస్ఐ 135. చేతికి 16,065. నెల బాగా తిరిగితే 8,000 కిలోమీటర్లు, బత్తా 20,000. దారి ఖర్చు, తిండి, స్నానం, టీలు, అన్నీ అందులోంచే. ఎంత పొదుపుగా ఉన్నా పదివేలు ఎగిరిపోతాయి. మైలేజీ కోత లేకపోతే ఇంటికి 26,000 చేరుతుంది. బండి సర్వీసుకి పోయిన నెల, లోడ్లు లేని నెల బత్తా సగమవుతుంది. పండగలప్పుడు ఫ్యాక్టరీలు మూస్తే ఇంట్లోనే కూర్చోవాలి, పదహారువేలతో. ఆఫీసులో చేరేటప్పుడు "నెలకి నలభై వేల దాకా వస్తుందన్నా" అని చెబుతారు. ఆ దాకా అన్న మాట కింద ఎన్ని ఉన్నాయో ఇప్పుడు మీకు తెలిసింది.

షావుకారు దగ్గర పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, స్లిప్పు లేదు. నోటి లెక్క, చేతి డబ్బు. కానీ డీజిల్‌కి ఇలాంటి కోతలు లేవు. ఫలానా లోడుకి ఇంత పడుతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అమ్మాయి కాలేజీ ఫీజుకి అడ్వాన్సు అడిగితే ఫోన్‌లోనే సరే అనేవాడు. ఇక్కడ అడ్వాన్సు కావాలంటే హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టాలి. అయినా నేను తిరిగి ఎందుకు పోలేదంటే ఓవర్‌లోడు. పది టైర్ల బండికి మొత్తం బరువు 2018లోనే 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు, దాని మీద ఇంకో నాలుగు టన్నులు వేయకపోతే షావుకారుకి కిరాయి గిట్టదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడుకి 20,000 జరిమానా, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000. బ్రేక్ ఇన్‌స్పెక్టరు జీపు దూరంగా కనిపిస్తే గుండె దడ. బ్రేకులు పట్టవు, టైర్లు పేలతాయి, అన్నీ మన నెత్తిన. ఈ కంటైనర్ పనిలో ఆ టెన్షన్ సున్నా. కాటా చీటీ చూసుకుని హాయిగా పోతాను. ఉద్యోగానికిచ్చిన రెండు స్టార్లలో ఒకటి దీనికి, రెండోది ఈఎస్ఐ కార్డుకి. మా ఆవిడకి ఆపరేషన్ గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలోనే అయింది, చేతి నుంచి పెద్దగా ఖర్చు కాలేదు. జీతం 21,000 దాటితే ఆ కార్డు పోతుంది, అందుకే మాలో కొందరు జీతం పెంచమని గట్టిగా అడగరు, బత్తా పెంచమని అడుగుతారు.

విజయవాడ చుట్టుపక్కల డ్రైవరు దొరకడం లేదన్నది నిజమే. ఆటోనగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా "హెవీ లైసెన్సు ఉన్నవాళ్లుంటే చెప్పు" అనే మాట వినిపిస్తుంది. క్లీనరుగా చేరి, బండి తుడిచి, లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టి, ఓనరు చూడకుండా యార్డులో రివర్సు నేర్చుకుని డ్రైవరైన తరం మాది. ఇప్పుడు క్లీనరుగా ఎవరొస్తారు? పార్శిల్ యాప్‌లలో బైకు తిప్పితే రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. నా తోటివాళ్లలో ఒకడు కాలేజీ బస్సు ఎక్కాడు. జీతం నాకంటే తక్కువే, కానీ నాలుగున్నరకల్లా ఇంటికొచ్చేస్తాడు, ఆదివారం సెలవు. వాడి బస్సులో ఏసీ లేదు. అదేమంటే "వేసుకోలేని ఏసీ నీకెందుకురా" అన్నాడు. సమాధానం చెప్పలేక ఫోన్ పెట్టేశా.

డ్రైవర్లు రావడం లేదని ఓనర్లు కొత్తగా ప్రకటనలిస్తున్నారు: "ఏసీ బండి, మంచి జీతం". ఏసీ బండిని ఎరగా పెడుతున్నారు. కొత్తగా తయారయ్యే ప్రతి బండికీ ఏసీ రూలే కాబట్టి అది వాళ్ల గొప్పా కాదు, ప్రత్యేకతా కాదు. చేరేవాళ్లు అడగాల్సింది వేరే ఉంది. మైలేజీ టార్గెట్ ఎంత అని అడగండి, అది లోడు బండికా, ఖాళీ బండికా, సగటా అని కూడా. నిలబడ్డప్పుడు తాగే డీజిల్ ఎవరి లెక్కలో అని మొహమాటం లేకుండా అడగండి. హాల్టింగ్‌కి గంటకు ఇంత డీజిల్ అని విడిగా వదిలేసే కంపెనీలు ఉన్నాయి. హైదరాబాదు లైనులో నా స్నేహితుడొకడు అలాంటిచోటే ఉన్నాడు, పంతంగి టోల్‌గేటు పక్కన ఆపి ఏసీ వేసుకుని గంట కునుకు తీసినా అడిగేవాడు లేడట. కోతల లెక్క నెలాఖరున కాగితం మీద ఇస్తారా, వాట్సాప్‌లో ఒక అంకె పంపి ఊరుకుంటారా అన్నది కూడా తెలుసుకోండి. డీజిల్ ఎక్కడ కొట్టించాలో వాళ్లే చెబితే, ఏ రాష్ట్రం రేటుతో కోత వేస్తారో ఖరారు చేసుకోండి. మన దగ్గర కంటే తమిళనాడులో డీజిల్ చౌక. తడ దాటి తమిళనాడులో కొట్టించి, కోత మాత్రం విజయవాడ రేటుతో వేస్తే ఆ తేడా ఎవరిది?

బండి కొనే ఓనర్లు కూడా ఇది చదువుతుంటే ఒక మాట. ఇన్ని లక్షలు పోసి కొన్నాక, ఇంకొంచెం పెట్టి బ్యాటరీ మీద నడిచే పార్కింగ్ ఏసీ వేయించండి. డీజిల్ గొడవ, మసి గొడవ రెండూ పోతాయి. అది కుదరకపోతే కనీసం 24 వోల్టుల చిన్న ఫ్యాను బెర్తు దగ్గర పెట్టించండి, కిటికీకి దోమతెర వేయించండి. మా కంపెనీ ఫ్యాను పెట్టలేదు, ఏసీ ఉంది కదా అన్నారు. నా డబ్బుతో ఆటోనగర్‌లో కొని పెట్టించుకున్నా. నిలబడ్డ బండిలో నాకు రోజూ పనికొచ్చే వస్తువు అదే.

మొన్న యార్డు మీటింగులో ఈ లెక్క మొత్తం మేనేజరు ముందు పెట్టాం. 214 లీటర్లు, 20 లీటర్లు, 1,900, అన్నీ తెల్ల కాగితం మీద రాసిచ్చాం. ఆయన మంచివాడే, చదివి చాలాసేపు ఏం మాట్లాడలేదు. గేటు దగ్గర ఆగిన టైముకి గంటకు లీటరున్నర విడిగా వదిలేసే ఆలోచన ఉందన్నాడు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా మాత్రమేనట. కాగితం ఇంకా రాలేదు. వచ్చే నెల స్లిప్పులో ఏమైనా మారితే ఇక్కడే కింద రాస్తా.